వెంట్రుకవాసి ఎడం – వేయి గజాల గురి

మన తెలుగులో ‘గురి’ అన్న చిన్న మాటకు రెండర్థాలు ఉన్నవి. విల్లు ఎక్కుపెట్టినవాడు చూచే లక్ష్యం ఒక గురి. పెద్దల మాటపై పిన్నలకు ఉండే నమ్మకం మరొక గురి. ‘గురి కుదిరింది’ అన్నప్పుడు ఈ రెండింటిలో దేనినైనా చెప్పవచ్చును. ఈ రెండు గురులకూ మధ్యనున్న సంబంధాన్ని వివరించుటకై మేము ఈ వ్యాసంలో ఎన్నుకున్న విషయం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చును. చాల దూరంలోని లక్ష్యాన్ని కొట్టే రైఫిలు తూటాలో గుండును ఎంత లోతుగా కూర్చవలెను, ఆ లోతును ఎట్లు సరిచూచుకొనవలెను అన్నదే ఆ విషయం.

కొబ్బరితోటల నడుమ, కాలువగట్ల వెంట నడచి కళాశాలకు వచ్చే అమలాపురం, రాజోలు, కొత్తపేట విద్యార్థికి దీనితో ఏమి పని అని ప్రశ్నించవచ్చును. మా సమాధానం ఇది. ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థి పాయింట్ 22 రైఫిలు చేతబట్టి గ్రూపింగ్ అన్న మాట వింటాడు. భౌతికశాస్త్ర విద్యార్థి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలతలు తీస్తాడు. గణాంకశాస్త్ర విద్యార్థి సగటును, విచలనాన్ని లెక్కిస్తాడు. వేరువేరు గదులలో నేర్చే ఈ మూడు పాఠములూ ఒకేచోట కలిసే సందర్భములు అరుదు. గుండు లోతు అన్న ఈ సమస్య అట్టి అరుదైన సందర్భం. అంతకు మించి, మనిషి తన కొలతలతో తననుతాను ఎట్లు మోసగించుకొనగలడో దీనివలె తేటతెల్లంగా చూపే ఉదాహరణ మరొకటి మాకు కనిపించలేదు.

తూటాలోని నాలుగు అంగములు

వాడుకలో తూటా, గుండు అన్న మాటలను ఒకదాని బదులు ఒకటి వాడుతూ ఉంటాము. ఈ వ్యాసంలో వాటిని వేరుచేసి చెప్పవలసి ఉన్నది. తూటా అనగా పూర్తి వస్తువు. అందులో నాలుగు అంగములు ఉన్నవి: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, డొల్లలో నింపిన మందు, డొల్ల మూతిలో బిగించిన గుండు. సూది ప్రైమర్‌ను కొట్టగానే మందు అంటుకొని వాయువుగా మారుతుంది. ఆ వాయువు గుండును గొట్టంలోనికి నెట్టివేస్తుంది. గాలిలో ఎగిరిపోయేది గుండు మాత్రమే. డొల్ల తుపాకిలోనే మిగిలిపోతుంది. ఆ డొల్లను శుభ్రపరచి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మరల తూటాగా కూర్చుకొనుటనే హ్యాండ్‌లోడింగ్ అంటారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశములలో వేయి గజాల పోటీలకు దిగేవారిలో అనేకులు ఇట్లు తమ తూటాలను తామే కూర్చుకొంటారు.

ఇక రైఫిలు గొట్టం సంగతి. దాని లోపలి గోడ నునుపుగా ఉండదు. దున్నిన పొలంలో చాళ్లు, వాటి మధ్య గట్లు ఉన్నట్లే గొట్టంలో కూడ చాళ్లు, గట్లు మెలికలు తిరిగి సాగుతాయి. పాయింట్ 308 అని పేరున్న రైఫిలులో ఎదురెదురు గట్ల మధ్య దూరం 0.300 అంగుళం, చాళ్ల మధ్య దూరం 0.308 అంగుళం. అనగా చాలు లోతు అంగుళంలో వేయింట నాలుగు వంతులు మాత్రమే. ఈ పత్రికలోని ఒక కాగితం మందం సుమారుగా అంతే ఉంటుంది. ఆ గట్లు గుండును పట్టి తిప్పుతాయి. పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గొట్టం నుండి సెకనుకు 2,800 అడుగుల వేగంతో వెలువడే గుండు సెకనుకు 3,360 చుట్లు తిరుగుతుందని విద్యార్థులు తామే లెక్క కట్టి చూచుకొనవచ్చును. బొంగరం తిరుగుతున్నంతసేపు నిలబడినట్లే ఈ తిరుగుడు వలన గుండు తలక్రిందులు కాకుండా ముక్కు ముందుకే ఉంచి సాగిపోతుంది.

గుండుకూ గొట్టానికీ పొత్తు

గుండు గొట్టానికి ఎంత బిగువుగా అమరవలెనన్న ప్రశ్న రైఫిలుతో పాటే పుట్టింది. వెనుకటి తుపాకులను మూతి నుండి నింపేవారు. నునుపు గొట్టంలో వదులైన గుండు వేగంగా దిగుతుంది, కాని గురి నిలువదు. రైఫిలు గొట్టంలో బిగువైన గుండు గురికి మంచిది, కాని దానిని కొట్టి కొట్టి దింపవలసి వచ్చేది. యుద్ధరంగంలో అంత వ్యవధి ఎక్కడిది? 1840వ దశకం చివర ఫ్రెంచి సైనికాధికారి మినియే దీనికి ఒక ఉపాయం కనుగొన్నాడు. గుండును గొట్టం కంటె కొంచెం సన్నగా చేసి, దాని అడుగును బోలుగా ఉంచాడు. మందు పేలినప్పుడు ఆ బోలు భాగం ఉబ్బి చాళ్లను పట్టుకొంటుంది. దింపేటప్పుడు వదులు, వెలువడేటప్పుడు బిగువు!

ఈ సూత్రంపై తయారైనదే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు. దాని గొట్టం 0.577 అంగుళం, మొదటి గుండు 0.568 అంగుళం. మధ్యనున్న ఎడం వేయింట తొమ్మిది వంతులు. ఆ స్వల్పమైన ఎడంలో కాగితం చుట్టిన గుండు సాఫీగా జారుటకు కొవ్వు పూయవలసి వచ్చింది. మందు పోయుటకు కాగితం కొసను పంటితో కొరకవలసి వచ్చింది. ఆ కొవ్వు ఆవుదనీ, పందిదనీ 1857 ఆరంభంలో సిపాయిలలో వ్యాపించిన వార్త హిందువులనూ ముస్లింలనూ ఒక్కటిగా కలవరపరచింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరుగుబాటు, మే 10న మీరట్‌లో సిపాయిల విజృంభణ చరిత్ర విద్యార్థులు ఎరిగినవే. ఆ మహాసంగ్రామానికి రాజ్యాల ఆక్రమణ, పన్నుల భారం మొదలైన కారణములు అనేకం ఉన్నవి. తూటా ఒక్కటే కారణం కాదు. అయినను నిప్పురవ్వ అయినది మాత్రం ఆ తూటాయే. ఆ వేడి దక్కనుకు కూడ తాకింది. 1857 జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగింది. తుర్రేబాజ్ ఖాన్ 1859లో ప్రాణాలర్పించాడు. మౌల్వీ అండమానుకు పంపబడ్డాడు. ‘వాడేమైనా తుర్రంఖానా’ అని నేటికీ మనవారు అనే మాటలో ఆ వీరుని పేరు నిలిచి ఉన్నది. దాడికి గురైన ఆ భవనం తరువాతి కాలంలో మహిళా కళాశాలకు నిలయమైంది.

గుండుకూ గొట్టానికీ మధ్య ఎడాన్ని నిర్ణయించిన శిల్పులు లోహాన్ని కొలిచారు, మందును కొలిచారు. ఆ తూటా ఎవరి నోటికి చేరుతుందో ఆ మనుష్యుల మనస్సును లెక్కలోనికి తీసుకొనలేదు. కొలత ఎంత సూక్ష్మమైనదైనను, దానిలో ఏది విడిచిపెట్టామో అడుగకపోతే అది అసంపూర్ణమే. ఈ మాట నేటి తూటాకు కూడ వర్తిస్తుంది. ఎట్లో ముందు చూడగలరు.

దూకు దూరం

నేటి తూటా మూతి నుండి కాక వెనుక నుండి గొట్టంలోనికి చేరుతుంది. తూటా తన గదిలో కూర్చున్నప్పుడు గుండు ముక్కుకు ముందు కొంత ఖాళీ చోటు ఉండి, ఆ తరువాత గట్లు మొదలవుతాయి. మందు అంటుకోగానే గుండు డొల్ల మూతిని విడిచి, ఆ ఖాళీని దాటి గట్లను తాకుతుంది. ఈ ఖాళీని ఇంగ్లీషులో జంప్ అంటారు. మనము దూకు దూరం అందాము. గుండును డొల్లలో లోతుగా దింపితే దూకు దూరం పెరుగుతుంది. పైకి ఉంచితే తగ్గుతుంది. సామాన్యంగా ఇది అంగుళంలో వేయింట పది వంతుల నుండి నూటయిరవై వంతుల వరకు ఉంటుంది. కొందరు పోటీదారులు గుండు గట్లకు ఆనునట్లు, లేక కొంచెం వాటిలోనికి ఒత్తుకొనునట్లు కూడ కూర్చుకొంటారు.

ఈ దూరం గురిని ఎందుకు మార్చవలెను? మన లొల్ల లాకుల వంటి చోట పడవ లాకులోనికి ప్రవేశించే తీరు తలచుకొంటే కొంత బోధపడుతుంది. పడవ నిటారుగా వస్తే గోడలను తాకకుండా లోపలికి సాగుతుంది. ఏమాత్రం వంకరగా వచ్చినను ముందు ఒక గోడను, తరువాత రెండవ గోడను ఒరుసుకొంటుంది. గుండు కూడ గట్లలోనికి నిటారుగా ప్రవేశించవలెను. వంకరగా ప్రవేశించిన గుండు ఆ వంకరతోనే చెక్కబడి, గాలిలో కొద్దిగా ఊగుతూ పోతుంది. ముక్కు పొడవుగా సాగిన గుండ్లు గాలిని బాగుగా చీల్చుకొని పోతాయి గాని, కొన్ని ఆకృతులలో అవి దూకు దూరం మార్పును త్వరగా సహించవు. ముక్కు వంపు మెల్లగా గుండు ఒడలిలో కలిసిపోయే ఆకృతులు ఎక్కువ సహనం చూపుతాయి. ఇదిగాక, దూకు దూరం మారితే గొట్టంలో ఒత్తిడి పెరిగే తీరు మారుతుంది. గుండు గొట్టం మూతిని విడిచే క్షణం కూడ మారుతుంది. పేలుడు వలన గొట్టం తీగవలె కంపిస్తూ ఉంటుంది గనుక ఆ క్షణం మారుట వలన గుండు పోయే దిక్కు మారుతుందని కొందరి వాదం. ఈ కారణములలో దేనికి ఎంత పాలు అన్న విషయమై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు.

కొలిచే విధానం సులభమైనదే. తూటా మొత్తం పొడవును కొలిచిన ప్రయోజనం లేదు. గుండు ముక్కు కొసలు ఒకదానికొకటి సరిగా ఉండవు. గట్లను మొదట తాకేది ముక్కు కొస కాదు. ముక్కు వంపు వెడల్పై గట్ల మధ్య దూరానికి సరిపడే చోటు గట్లను తాకుతుంది. కావున డొల్ల అడుగు నుండి ఆ చోటు వరకు కొలవవలెను. దానికై రంధ్రం గల చిన్న లోహపు బిళ్లను కాలిపర్స్‌కు తగిలిస్తారు. మందూ ప్రైమరూ లేని డొల్లలో గుండును వదులుగా ఉంచి, గదిలో గట్లకు ఆనేవరకు మెల్లగా నెట్టి, తీసి కొలుస్తారు. ఒకసారి కాదు, అనేకసార్లు కొలిచి సగటు తీస్తారు. ఉదాహరణకు ఆ సగటు 2.220 అంగుళాలు అనుకొందాము. గుండును 2.200 వద్ద కూర్చితే దూకు దూరం వేయింట ఇరవై వంతులు. పొడి మందుతో గాని నిండిన తూటాతో గాని ఈ కొలత ఎన్నడూ తీయరు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లోతు మారితే గురితో పాటు ఒత్తిడి కూడ మారుతుంది. పాయింట్ 308 వంటి తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల వరకు చేరుతుంది. మోటారుకారు చక్రంలోని గాలి ఒత్తిడి ముప్పది పౌండ్ల ప్రాంతంలో ఉంటుందని గుర్తుంచుకొంటే ఇది ఎంతటిదో తెలియగలదు. గుండు గట్లకు ఆని ఉంటే కదలకముందే అడ్డు తగిలి ఒత్తిడి హెచ్చుతుంది. మరీ లోతుగా దింపితే డొల్లలో మందుకు చోటు తగ్గి, ముఖ్యంగా చిన్న డొల్లలలో, మరొక విధంగా ఒత్తిడి హెచ్చుతుంది. అందుచేతనే ఎరిగినవారు తయారీదారులు ప్రకటించిన పట్టికలను దాటరు, మార్పు చేసిన ప్రతిసారీ మందును తగ్గించి మొదలుపెడతారు.

పరీక్షలో పొంచి ఉన్న మోసం

ఇప్పుడు అసలు సమస్యకు వచ్చాము. ఏ లోతు మంచిదో ఎట్లు తెలియును? సామాన్యంగా చేసేది ఇది. మిగిలినవన్నీ ఒకే తీరుగా ఉంచి, గుండు లోతును మాత్రం వేయింట మూడేసి వంతులు మార్చుతూ పది రకముల తూటాలు కూర్చుతారు. ఆ మెట్టు ఒక కాగితం మందం కంటె తక్కువే. ఒక్కొక్క రకానికి మూడు తూటాలు కాల్చుతారు. లక్ష్యంపై మూడు రంధ్రముల మధ్య దూరం ఏ రకానికి అతి తక్కువగా ఉన్నదో అదే ఉత్తమమని నిర్ణయిస్తారు. వినుటకు ఎంతో శాస్త్రీయంగా ఉన్నది కదా!

మనవారు ఆడే అష్టాచెమ్మాను తలచుకొనండి. పదిమంది కూర్చుని ఒక్కొక్కరు మూడేసి పందేలు గవ్వలు వేశారనుకొందాము. ఒకరికి అందరికంటె ఎక్కువ పడి తీరుతుంది. అతని చేతిలో గవ్వలు ప్రత్యేకమైనవని ఎవరైనా అంటే నవ్వుతాము. గవ్వలు అందరివీ ఒకటే. పదిమందిలో ఎవరో ఒకరికి ఎక్కువ పడవలెను గనుక పడ్డది. రైఫిలు వద్ద ఇదే పొరపాటును గంభీరంగా చేస్తారు.

లెక్క చూడండి. ఒక రైఫిలు మూడేసి గుండ్లతో సగటున ఒక అంగుళం గ్రూపు వేస్తుందనుకొందాము. లోతులో, మందులో దేనిలోను ఏ మార్పూ చేయకుండా మరల మరల మూడేసి కాల్చితే, మూడింట రెండు గ్రూపులు సుమారు 0.6 అంగుళం నుండి 1.4 అంగుళం వరకు ఎక్కడైనా పడవచ్చును. ఇది కేవలం యాదృచ్ఛికం. అట్టివి పది గ్రూపులు వేస్తే అతి చిన్నది అర అంగుళానికి దగ్గరగాను, అతి పెద్దది ఒకటిన్నర అంగుళానికి పైగాను ఉండుట వింత కాదు. పది రకములూ నిజానికి సమానమే అయినను, ఒకటి మరొకదానికంటె మూడురెట్లు మేలైనదిగా కనిపిస్తుందన్న మాట! ఆ అర అంగుళం గ్రూపును చూచి మురిసి, అదే లోతున వంద తూటాలు కూర్చి పోటీకి వెళ్లినవానికి అక్కడ మరల ఒక అంగుళం గ్రూపే దొరుకుతుంది. గాలినో, వెలుతురునో, తన చేతినో నిందించుకొంటాడు. గురి తప్పింది తుపాకి కాదు. తన పరీక్షపై అతడుంచిన గురి తప్పింది.

దీనికి విరుగుడు ఏమి? మొదటిది, తూటాల సంఖ్య పెంచుట. సగటులోని అనిశ్చితి సగానికి తగ్గవలెనన్న నాలుగు రెట్లు కాల్చవలెనని గణాంకశాస్త్రం చెబుతుంది. కాని ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. కాల్చిన ప్రతి తూటా గొట్టం కంఠాన్ని కొంత కాల్చివేస్తుంది, గట్లు కొద్దికొద్దిగా వెనుదీస్తాయి. వేడి మందులతో వాడే పోటీ గొట్టములలో కొన్ని వేయి, రెండువేల తూటాలకే తమ మేలిమిని కోల్పోతాయి. పది రకములను ఒక్కొక్కటి ఇరవై తూటాలతో పరీక్షిస్తే రెండువందల తూటాలు ఖర్చు. సత్యం తెలుసుకొనుటకే గొట్టం ఆయుష్షులో మంచి భాగం కరిగిపోతుంది.

కావున రెండవ ఉపాయం, తక్కువ ప్రశ్నలను గట్టిగా అడుగుట. పది సన్నని మెట్లకు బదులు ఎడమైన నాలుగు మెట్లు చాలు. బెర్గర్ అనే గుండ్ల తయారీ సంస్థ తన పొడవు ముక్కు గుండ్లకు వేయింట నలుబదేసి వంతుల ఎడంతో నాలుగు లోతులు, ఒక్కొక్క లోతుకు ఆరు తూటాలు సూచించింది. మూడవది, కాల్చే వరుస. మొదటి రకం అంతా ముందు, చివరి రకం అంతా చివర కాల్చితే గొట్టం వేడి, ఎండ, అలసట అన్నీ చివరి రకం ఖాతాలో పడతాయి. ఒక్కొక్క రకం నుండి ఒక్కొక్కటి తీసి చక్రవరుసలో కాల్చితే ఈ దోషం అందరికీ సమంగా పంచబడుతుంది. కాల్చేవానికి ఏ తూటా ఏ రకమో తెలియకుండా మరొకరు అందిస్తే ఇంకను మేలు. నాలుగవది, కొట్టవచ్చినట్లు కనబడే రెండు కొస రంధ్రములనే కాక, ప్రతి రంధ్రమూ గ్రూపు కేంద్రం నుండి ఎంత దూరంలో ఉన్నదో కొలిచి సగటు తీయుట. అప్పుడు కాల్చిన ప్రతి తూటా సాక్ష్యం చెబుతుంది. అయిదవది, శిఖరాన్ని కాక మైదానాన్ని ఎన్నుకొనుట. ఒక్క లోతు మాత్రమే అద్భుతంగా ఉండి, దాని ఇరుప్రక్కలా చెడుగా ఉంటే అది చాలమట్టుకు గవ్వల పందెమే. ఇరుగుపొరుగు లోతులు కూడ మంచివైన చోటు నమ్మదగినది. గట్లు అరిగి దూకు దూరం పెరిగినను అట్టి చోట గురి త్వరగా చెడదు.

ఇంత శ్రమ ఎందుకన్నది వేయి గజాల లక్ష్యం చూస్తే తెలుస్తుంది. వేయి గజాలనగా 914 మీటర్లు. ఎఫ్-క్లాస్ అనే పోటీలో ఆ దూరాన పది మార్కుల వలయం వ్యాసం పది అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం అయిదు అంగుళాలు. అంత దూరం చేరుటకు గుండుకు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ లోపల గాలి తన పని తాను చేస్తుంది. గుండు లోతు సరియైనదైతే కలిగే లాభాన్ని గాలిని తప్పుగా అంచనా వేసిన ఒక్క తూటా తుడిచివేయగలదు. లోతును మాత్రమే కొలిచి గాలిని విడిచిన వాని కొలత ఎన్‌ఫీల్డ్ శిల్పుల కొలత వలెనే అసంపూర్ణం.

మన హైదరాబాదు ఉదాహరణ

ఈ సూక్ష్మత పరదేశములకే పరిమితమని భావించరాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం సాధించాడు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 50 మీటర్ల రైఫిలు ప్రోన్ పోటీలో రజతం గెలిచాడు. ఆయన నెలకొల్పిన శిక్షణ సంస్థలో తర్ఫీదు పొందిన హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిలు స్వర్ణం తెచ్చాడు. వినికిడి లోపం అతని గురికి అడ్డు కాలేదు.

ఈ పోటీలలో హ్యాండ్‌లోడింగ్ లేదు. 50 మీటర్ల పోటీకి వాడే పాయింట్ 22 తూటాలో నిప్పు పుట్టించే మసాలా డొల్ల అంచులోనే ఉంటుంది గనుక దానిని మరల నింపుట ఆచరణలో లేదు. కాని గుండుకూ గొట్టానికీ పొత్తు అన్న ప్రశ్న అక్కడ కూడ తప్పదు. దానిని మరొక దారిన పరిష్కరిస్తారు. ఒకే కర్మాగారంలో ఒకే పేరుతో తయారైన తూటాలు కూడ ఒక్కొక్క విడతకు కొద్దిగా తేడాగా ఉంటాయి. ఒక విడత ఒక గొట్టానికి నచ్చితే మరొకదానికి నచ్చదు. ఇంగ్లండులోని ఎలీ, జర్మనీలోని లాపువా పరీక్షా కేంద్రములలో క్రీడాకారుని గొట్టాన్ని బల్లకు బిగించి, మనిషి చేతితో పనిలేకుండా అనేక విడతలను కాల్చి చూచి తగినదానిని ఎంచుతారు. ఎయిర్ రైఫిలులో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ల తల కొలతను డబ్బాపై 4.49, 4.50, 4.51 అని వేరువేరుగా ముద్రిస్తారు. తేడా మిల్లీమీటరులో నూరవ వంతు! పది మీటర్ల లక్ష్యంలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే అని తెలిస్తే ఆ నూరవ వంతుకు విలువ ఎందుకో అర్థమవుతుంది. ఇక్కడ కూడ మూడు పెల్లెట్లు కాల్చి డబ్బా కొన్నవాడు గవ్వల పందెం ఆడినట్లే.

చట్టం మాట

మన దేశంలో 1959 నాటి ఆయుధముల చట్టం ప్రకారం తుపాకులే కాక తూటాలను తయారుచేయుటకు కూడ లైసెన్సు ఉండవలెను. లేనిచో అది నేరం. కావున ఈ వ్యాసం చదివి ఎవరూ డొల్లలను, మందును సేకరింప పూనుకొనరాదని స్పష్టంగా మనవి చేస్తున్నాము. ఈ విద్యలో ఆసక్తి గలవారికి తగిన దారులు ఉన్నవి. కళాశాలలోని ఎన్.సి.సి. మొదటి మెట్టు. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం పరిధిలో నడిచే సంఘములు, శిక్షణ కేంద్రములు రెండవ మెట్టు.

కోనసీమకు దీని ప్రయోజనం

తుపాకి ముఖం ఎన్నడూ చూడని విద్యార్థి కూడ ఈ విషయం నుండి గ్రహించవలసినది ఉన్నది. మన ప్రాంతంలో ఒక రైతు రెండు కొబ్బరిచెట్లకు కొత్త ఎరువు వేస్తాడు. ఆ ఏడు ఆ రెండు చెట్లు బాగుగా కాస్తాయి. ఊరంతా ఆ ఎరువు కొంటుంది. ఆ చెట్లు ఎరువు లేకున్నను ఆ ఏడు బాగుగా కాచి ఉండేవేమో అని ఎవరూ అడుగరు. మూడు గుండ్ల గ్రూపు చూచి లోతును నిర్ణయించినవానికీ, రెండు చెట్లు చూచి అప్పుచేసి ఎరువు కొన్న రైతుకూ భేదం లేదు. భేదమల్లా నష్టంలోనే. ఒకరికి పతకం పోతుంది, మరొకరికి తోట తాకట్టు పడుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వంటి చోట్ల ఒక పద్ధతిని అనేక చెట్లపై, అనేక సంవత్సరములు పరీక్షించిన తరువాతనే సిఫారసు చేయుటలోని అంతరార్థం ఇదే. ‘నాకు తెలిసినవానికి తగ్గింది’ అన్న ఒక్క మాటపై మందు మార్చే రోగి విషయం కూడ ఇంతే.

ఈ సందర్భంలో కళాశాల పాలకవర్గం వారికి మేము ఒక చిన్న విన్నపం చేయదలచాము. భౌతికశాస్త్ర, గణాంకశాస్త్ర విభాగములు రెండూ కలిసి సంవత్సరానికి ఒక ఉమ్మడి ప్రయోగం నడిపితే బాగుంటుంది. దీనికి రైఫిలు అవసరం లేదు. బండారులంక మగ్గంపై నేసిన గుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులో లెక్కించుట, ఆత్రేయపురం పూతరేకుల మందం కొలుచుట వంటివి చాలు. ఒకే వస్తువును ఇరువది మంది కొలిచి, ఇరువది కొలతలూ బల్లపై వ్రాసి, వాటిలో తేడా ఎంత వస్తువుది, ఎంత చేతిది, ఎంత యాదృచ్ఛికమో తేల్చుకొనుట నేర్చిన విద్యార్థి జీవితంలో సులభంగా మోసపోడు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! గుండును వేయింట మూడు వంతులు దింపగల పనిముట్టు బజారులో దొరుకుతుంది. ఆ మార్పు వలన నిజంగా మేలు కలిగిందా లేదా అని నిర్భయంగా అడిగి, కోరిన జవాబు రాకపోయినను అంగీకరించే మనస్సు మాత్రం ఏ బజారులోను దొరకదు. సాధన చేసి సంపాదించుకొనవలెను. లక్ష్యంపై గురి కుదరాలంటే ముందు గురి ఉంచదగిన పరీక్ష కావలెను. ఫలితం మనకు నచ్చిన కొద్దీ దానిని మరొకసారి పరీక్షించుటయే అట్టి పరీక్షకు తొలి నియమం.